నూకరత్నం మాట్లాడిన ఫ్రెంచి

మా ఊరి పేరు చెప్పను. చెబితే ఊరి పేరు నలుగురికీ తెలియజేసినందుకు నాకు సన్మానం చేస్తారు. గోదావరి పాయ ఒడ్డున, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన చిన్న ఊరనుకోండి, చాలు. వాళ్ళు వెళ్ళిపోతూ మాకు వదిలిపెట్టినవి కొన్ని సున్నం బంగళాలు, మోగని గడియారం ఒకటి, వీధుల పేర్లు. మా వీధి పలక మీద పేరుకు ముందు 'రూ' అని ఉంటుంది. ఫ్రెంచిలో రూ అంటే వీధి. ఇల్లు అద్దెకు అడగడానికి వచ్చినవాళ్ళు మాత్రం అది రూపాయలనుకుని, పక్కన అంకె వెయ్యడం మరిచిపోయారేమోనని నన్నడుగుతుంటారు.

ఆ వీధిలో కాపురముంటున్న కారణంగా నేను ఫ్రెంచి సంస్కృతీ పరిరక్షణ సంఘంలో సభ్యుణ్ణయ్యాను. నాకు ఫ్రెంచి రాదు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ మాటే అంటే సంఘాధ్యక్షులు భానోజీరావు గారు కొట్టిపారేశారు.

"ఫ్రెంచి వచ్చి గౌరవించడం స్వార్థం మేష్టారూ. రాకుండా గౌరవించడమే సంస్కృతి. మెర్సీ."

ప్రతి మాట చివరా ఫ్రెంచిలో మెర్సీ, అంటే థాంక్సు, అనడం ఆయన అలవాటు. రోహిణీ కార్తెలో కూడా మెడకు పట్టుగుడ్డ చుట్టుకుంటారు. వాళ్ళ తాతగారు ఫ్రెంచి దొరకు గొడుగు పట్టేవారట. ఆ గొడుగు ఇప్పటికీ వాళ్ళ హాల్లో గాజు బీరువాలో ఉంది. వానాకాలం ఆయన తడుస్తూ మీటింగుకొస్తారు.

ఇలా ఉండగా పారిస్‌లో ఏదో మహాసభ వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. విదేశాల్లో ఉంటూ, తమ తోటివాళ్ళలో ఫ్రెంచి సంస్కృతిని వ్యాపింపజేస్తున్న మనుషుల్ని వెతికి సన్మానించాలని. సన్మానితుడు ఫ్రెంచిని రోజూ మాట్లాడాలి, నలుగురిలో మాట్లాడాలి, ఎవరి బలవంతమూ లేకుండా మాట్లాడాలి. దీన్ని పరిశీలించడానికి మదాం ఓదిల్ అనే ఆవిణ్ణి మా ఊరు పంపిస్తున్నామన్నారు.

మా సంఘానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఊళ్ళో ఫ్రెంచి వచ్చినవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ పెన్షనర్లు. ఒకాయనకు చెవుడు. ఆయన మాట్లాడతాడు గానీ ఏం మాట్లాడాడో ఆయనకే తెలీదు. రెండో ఆయన బ్యాంకులో కోపమొచ్చినప్పుడు మాత్రమే మాట్లాడతాడు. మూడో ఆయన తన కుక్కతో మాట్లాడతాడు. కుక్కను నలుగురి కింద జమకట్టవచ్చునా అన్నదాని మీద మా సంఘంలో ఒక పూటంతా చర్చ జరిగి, వీల్లేదని తేలింది.

మదాం ఓదిల్ రానే వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఏం చూపించినా ఆశ్చర్యపోవడానికి సిద్ధంగా ఉండే మనిషి. ఆవిణ్ణి గడియారం దగ్గరికి తీసుకెళ్దామని బయల్దేరాం. దారిలో మంచినీళ్ళ గొట్టం కోసం రోడ్డు తవ్వేశారు. చేపల బజారు గుండా పోవలసి వచ్చింది.

బజారు గేటు పక్కనే మొదటి సిమెంటు దిమ్మ పెమ్మాడి నూకరత్నానిది. అంతకు ముందు వాళ్ళమ్మది. గేట్లోకి అడుగు పెట్టినవాడికి ముందు నూకరత్నం తట్టే కనిపిస్తుంది, తర్వాతే మిగతా బజారు. నేను ఇన్నేళ్ళూ చేపలు ఆవిడ దగ్గరే కొన్నాను. తూకంలో మోసం లేదు. నోటికి మాత్రం అదుపు లేదు. ఆ నోటికి ఎక్కువగా దొరికేవాడు మొగుడు గోవిందు. రోజూ సైకిలు మీద ఐసు తేవడం అతని పని. దారిలో ప్రతి టీ కొట్టు దగ్గరా పలకరింపులుంటాయి కాబట్టి, అతను వచ్చేసరికి గోనెసంచిలో సగం నీళ్ళే ఉంటాయి.

మేం గేటు దాటే వేళకే గోవిందు వచ్చాడు.

"ఐసు తెమ్మంటే నీళ్ళు తెత్తావేంటయ్యా. ఈ పండుగప్పలు ఎవడి మొకాన కొట్టమంటావు? సీ, థూ. నువ్ సావా? సావా నువ్వు?" అంది నూకరత్నం.

మా వైపు చాలామంది నోట్లో 'చ' ఉండదు, 'స' ఉంటుంది. చావు సావవుతుంది. 'నువ్వు చావవా' అన్నది గొంతెత్తి, చేపలు సర్దుతూ అంటే 'నువ్ సావా' అవుతుంది. ఈ సంగతి మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

పారిస్‌లో తెలీదు. అక్కడ 'సా వా' అంటే 'బావున్నావా' అని; ఆపాటి ముక్క సంఘంలో చేరాక నాకూ తెలిసింది. మదాం ఓదిల్ నిలబడిపోయింది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది. తర్వాత నూకరత్నం ముందు వంగి, ఎంతో ఆప్యాయంగా "సా వా?" అనడిగింది.

నూకరత్నం నావైపు తిరిగింది. "ఏటండీ మేష్టారూ, ముక్కూ మొకం తెలీదు, ఈవిడ నన్ను సావమంటారేటండీ?"

"కాదమ్మా, బావున్నావా అంటున్నారు."

"ఆ ముక్క తిన్నగా అడగొచ్చు కదండీ."

భానోజీరావు గారు గొంతు సవరించుకున్నారు. మా ఊరి ఇల్లాళ్ళు తెల్లవారగానే భర్తల క్షేమాన్ని ఫ్రెంచిలోనే విచారిస్తారని, ఇది తరతరాలుగా వస్తున్న ఆచారమని, 'సీ' అన్నదీ 'థూ' అన్నదీ కూడా ఫ్రెంచి మాటలేనని, ఒకటి 'అవును', రెండోది 'నువ్వు' అని, వచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలూ రాని ఇంగ్లీషూ కలిపి మదాంకు వివరించారు. మదాం కళ్ళు తుడుచుకుంది. ఆ యాస పాతకాలపు నావికుల యాసలా ఉందంది.

ఆయన అవసరానికి బొంకారనుకున్నాను. సాయంత్రానికల్లా ఆయన నమ్మేశారు. నాయకులయ్యేవాళ్ళకు ఆ శక్తి పుట్టుకతో వస్తుంది.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నూకరత్నాన్ని సన్మానానికి ప్రతిపాదిస్తూ తీర్మానం చదివారు. 'సదరు నూకరత్నం, ఎట్టి శిక్షణయు ఎట్టి ప్రతిఫలమును లేకుండ, అనుదినము బహిరంగస్థలమున భర్తృక్షేమ విచారణమును ఫ్రెంచి భాషయందు గావించుచున్నందున' అని మొదలై రెండు పుటలు సాగింది.

నేను లేచి, "అయ్యా, అది చావవా అనడమండీ," అన్నాను.

"మేష్టారూ, మీది తెలుగు దృష్టి," అన్నారు భానోజీరావు గారు జాలిగా. "పలికేవారి ఉద్దేశం వారి వ్యక్తిగతం. దానిలో సంఘం జోక్యం చేసుకోదు. పలుకు మాత్రం ఫ్రెంచి. మెర్సీ."

అందరూ బల్లలు చరిచారు. నేను కూర్చున్నాను.

పారిస్ నుంచి వెంటనే ఆమోదం వచ్చింది. దానితోపాటు నియమావళి కూడా వచ్చింది. అందులో తొమ్మిదో నియమం ఇది: సన్మానితులు ఎక్కడ ఆ పలుకు పలుకుతారో అది 'భాషాక్షేత్రం'. భాషాక్షేత్రంలో అమ్మకాలు గానీ, కార్యాలయ వ్యవహారాలు గానీ, మరే ఇతర కలాపం గానీ జరగరాదు. అక్కడ పలుకు తప్ప మరేదీ ఉండకూడదు.

మర్నాడు పొద్దున నూకరత్నం తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి దిమ్మ చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది. దిమ్మ మీద ఒక కుర్చీ వేసి ఉంది. బజారు అధికారి, సంఘ కార్యదర్శి పక్కపక్కన నిలబడి ఉన్నారు.

"కంగ్రాచులేషన్సమ్మా," అన్నాడు కార్యదర్శి. "రోజూ ఉదయం పూట వచ్చి ఈ కుర్చీలో కూచుని, మీ ఆయన్ని ఎప్పట్లాగే పలకరిస్తే చాలు. చేపలు మాత్రం ఇక్కడ పెట్టకూడదు."

"సేపలు పెట్టకపోతే నేనిక్కడెందుకు కూకుంటానండీ?"

"సన్మానితురాలిగా."

"నాకా సన్మానం వద్దండి బాబూ. నా దిమ్మ నాకొదిలేయండి."

కార్యదర్శి ఈ మాటను ఆలోచించి, పై అధికారుల్ని అడిగి చెబుతానన్నాడు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. సన్మానం స్వీకరించుట ఐచ్ఛికము. సన్మానితురాలగుట ఐచ్ఛికము కాదు.

నూకరత్నానికి బజారు వెనకాల, మురుక్కాలువ పక్కన చోటిచ్చారు. అటు ఎవరొస్తారు? గేట్లోంచి వచ్చేవాళ్ళు ముందున్న తట్టల దగ్గరే ఆగిపోతారు. వెనక్కి వచ్చేవి కుక్కలే.

ఇక్కడ ఊళ్ళో ఉత్సాహం మొదలైంది. నూకరత్నం ఒక్కతే మాట్లాడితే చాలదని, మదాం మళ్ళీ సన్మానానికి వచ్చేలోగా ఊరంతా ఫ్రెంచిలో పలకరించుకోవాలని సంఘం పిలుపిచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో అది తప్పనిసరి అయింది. ఊరి ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు మా సంఘ సభ్యులే. ఆయన తెల్లకోటు వేసుకుని, వెనకాల నర్సులు నడుస్తుంటే, వార్డులో మంచం మంచం దగ్గరా ఆగి, నాడి పట్టుకుని, చిరునవ్వుతో "సావా?" అనడిగారు. మొదటి మంచం మీది ముసలాయన అయోమయంగా చూశాడు. రెండో మంచం ఆవిడ ఏడుపు లంకించుకుంది. మూడో మంచం వాడు సెలైను గొట్టం పీకేసుకుని కిటికీ వైపు నడిచాడు. సాయంత్రానికి వార్డు ఖాళీ. ఫ్రెంచి సంస్కృతి ప్రవేశించిన వెంటనే రోగులందరూ స్వస్థత చెంది ఇళ్ళకు వెళ్ళారని సంఘం పారిస్‌కు రాసింది.

మా వీధి చివర పెళ్ళిలో విడిది ఇంటి గుమ్మం దగ్గర మగపెళ్ళివారికి పన్నీరు చల్లుతూ, ఆడపెళ్ళివారి తరఫున మా కార్యదర్శి "సావా? సావా?" అని ఒక్కొక్కర్నీ ఆహ్వానించాడు. పెళ్ళికొడుకు మేనత్త గుమ్మంలోనే కూలబడింది. శుభమా అని పెళ్ళికొస్తే ఇదేం మర్యాదని వాళ్ళ వైపు మగాళ్ళు చొక్కా చేతులు మడిచారు. పెళ్ళికొడుకు తండ్రి మర్యాదస్తుడు గనక, కార్యదర్శికి రెండు పళ్ళు మాత్రమే పోయాయి. వాటిని సంఘం త్యాగం కింద గుర్తించింది.

నవ్వొచ్చే మాట నిజమే. నేనూ నవ్వాను. నూకరత్నం మా ఇంటి అరుగు మీదికి వచ్చి తట్ట దించిన పొద్దున్న మాత్రం నవ్వు రాలేదు. తట్టలో చేపలన్నీ అలాగే ఉన్నాయి, కళ్ళు తెల్లబడి.

"వాసనొచ్చేత్తన్నాయండి. ఎవరూ రావట్లేదండి ఆ యెనక్కి. మా అమ్మ నన్ను ఒళ్ళో ఏసుకుని అమ్మిన దిమ్మండి అది. తాడు కట్టి కుర్సీ ఏసేరండి. ఏటండీ నేను సేసిన తప్పు?"

ఆ మనిషి కంట నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. నాకు భానోజీరావు గారి మీద ఒళ్ళు మండింది. అంతకంటే, ఆ రోజు బల్లలు చరుస్తుంటే నోరు మూసుకు కూర్చున్న నా మీద మండింది. చేసేదేం లేక నియమావళి తీసి అంతా చదివాను. సన్మానితులు ఆ పలుకు మానేస్తే సన్మానం రద్దవుతుందని ఒక మూల ఉంది. అది చెప్పాను.

"తిట్టడం మానెయ్యాలాండి?" అంది. "ఎవర్ని? ఆయన్నేనా?"

"ఆయన్నే."

తట్టలో చేపనొకదాన్ని తిరగేసి చూసి మళ్ళీ పడేసింది. "ఆయ్. మానేత్తానండి," అంది చివరికి. ఎవరో కాలో చెయ్యో తీసేస్తామంటే ఒప్పుకున్నట్టుంది ఆ గొంతు.

ఆ మర్నాడు గోవిందు ఎప్పటిలాగే నీళ్ళు కారే గోనెసంచితో వచ్చాడు. నూకరత్నం పళ్ళు బిగించి, "పర్లేదయ్యా. ఎండలో తొక్కుకొచ్చేవు. కూసేపు కూకో. సల్లగుండు," అంది.

గోవిందు సైకిలు అక్కడే పడేసి పరుగున నా దగ్గరికొచ్చాడు. ఒళ్ళంతా చెమటలు.

"మేష్టారండీ, మా ఆడది నన్ను సల్లగుండు అంటందండి. పెళ్ళైన కాణ్నుంచి ఎప్పుడూ అనలేదండి. నాకేదో రోగముందండి. డాట్రుగారు దానికి సెప్పేసుంటారండి. నాకు సెప్పట్లేదండి."

నీకేమీ లేదురా అంటే వినడు. ఆ భయంతో మరుసటి పొద్దున ఏ టీ కొట్టు దగ్గరా ఆగకుండా ఐసు గడ్డ గడ్డలాగే తెచ్చాడు. తర్వాతి రోజూ అంతే. నూకరత్నానికి ఇక తిట్టడానికి కారణం కూడా లేకుండా పోయింది.

సంఘంలో గగ్గోలు పుట్టింది. సన్మానం దగ్గర పడుతోంది, సన్మానితురాలు తెలుగు మాట్లాడుతోంది. భానోజీరావు గారు గోవిందును పిలిపించి ఒక ఉత్తర్వు చదివి వినిపించారు. ఇకమీదట అతడు 'ఉద్దీపన సహాయకుడు'. సన్మానితురాలికి సకాలంలో కోపం తెప్పించుట అతని విధి. ఐసు ఆలస్యంగా తేవలెను. వీలైనచో తేకుండుట మేలు.

"అంటే టీ తాగొచ్చాండి?" అన్నాడు గోవిందు.

"తాగి తీరవలెను. మెర్సీ."

గోవిందు ఉద్యోగం శ్రద్ధగా చేశాడు. ఐసు మానేశాడు. తట్ట బోర్లించాడు. చీటికీ మాటికీ నూకరత్నం పుట్టింటివాళ్ళని ఎత్తిపొడిచాడు. ఆవిడ ముఖం కందగడ్డయ్యేది, మెడ నరాలు పొంగేవి. పెదవులు మాత్రం కదిలేవి కావు. చూస్తున్న నాకే ఊపిరాడేది కాదు. బజారు ఆడవాళ్ళు వచ్చి, "ఒక్క ముక్క అనెయ్యే, పోతావు," అని బతిమాలేవాళ్ళు. తల అడ్డంగా ఊపేది.

మదాం ఓదిల్ సన్మానానికి వచ్చేసింది. అంతా విని దిగులుపడింది. పలుకు నిజంగా పోయిందో లేదో తనే చూసి నిర్ణయిస్తానంది. విచారణకు నూకరత్నాన్ని సంఘం కార్యాలయానికి పిలిపించారు. అది నది ఒడ్డున ప్రభుత్వం ఇచ్చిన ఫ్రెంచి బంగళా. పెద్ద హాలు, ఎత్తు కప్పు, పొడుగాటి బల్ల. బల్లకు ఒక పక్క సంఘమంతా, మధ్యలో మదాం. ఎదురుగా నూకరత్నం నిలబడింది. వెనకాల గోవిందు.

భానోజీరావు గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "నూకరత్నం గారూ, మీపై వచ్చిన అభియోగం గంభీరమైనది. తరతరాల ఫ్రెంచి వారసత్వాన్ని మీరు బుద్ధిపూర్వకంగా విడనాడి, భర్తను తెలుగులో దీవిస్తున్నట్టు ప్రత్యక్షసాక్షులున్నారు. దీనికి మీ సంజాయిషీ?"

నూకరత్నం తల దించుకుంది.

"మీ మౌనం వల్ల ఊరి పరువు పోతోంది. పలకండి."

మాట్లాడలేదు. కొంగు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

భానోజీరావు గారు నిట్టూర్చారు. గొంతు మెత్తగా చేసుకుని, ఓదార్చే ధోరణిలో అన్నారు. "చూడమ్మా. ఆ దిమ్మ గురించే కదా నీ బాధ. నీకు తెలియడం లేదు గానీ, నీ చేపల వాసన ఆ చోటుకు ఏనాడూ తగినది కాదు. మీ అమ్మ వాసనా అంతే. ఇప్పుడే ఆ దిమ్మకు గౌరవం వచ్చింది."

అమ్మ మాట వినగానే నూకరత్నం తలెత్తింది. ఇన్నాళ్ళూ మింగినదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టుంది. బల్ల మీద అరచెయ్యి వేసి కొట్టింది.

"సీ. థూ. మా యమ్మ జోలికొత్తావేంటయ్యా నువ్వు. నువ్ సావా? నీ మెళ్ళో గుడ్డకి నిప్పెట్టా, నువ్ సావా? ఈ మేడ నీ నెత్తిన కూలా, నువ్ సావా? నీ కూడా బల్లలు సరిసినోళ్ళందరూ సావరా?"

అక్కడితో ఆగలేదు. ఎత్తైన కప్పు కింద ఆ గొంతు ఖంగుమంటూ తిరుగుతోంది. పొడుగాటి బల్ల వణికింది. డాక్టరు గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. తిట్లలో నాకూ వాటా వచ్చింది, న్యాయంగానే వచ్చింది. వెనకాల గోవిందు గోడకానుకుని, ప్రాణం లేచొచ్చినవాడిలా కళ్ళు మూసుకుని వింటున్నాడు. "నాకేం రోగం లేదండి," అన్నాడు నెమ్మదిగా, ఎవరితోనో తెలీదు.

నూకరత్నం రొప్పుతూ ఆగింది.

మదాం ఓదిల్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బజారులో విన్నది ఇందులో నాలుగో వంతు కూడా కాదంది. ఒకే శ్వాసలో ఇంతమంది క్షేమం విచారించిన మనిషిని తన దేశంలో కూడా చూడలేదంది. బజారులో మూగబోయిన పలుకు ఇక్కడ, ఈ హాలులో, ఇంత బలంగా పుట్టుకొచ్చింది కాబట్టి క్షేత్రం ఇదేనంది. నియమావళి తెరిచి తొమ్మిదో నియమం మీద వేలు పెట్టింది.

భానోజీరావు గారు ఆ వేలు వైపు చూశారు. "కానీ మదాం, ఇది మా కార్యాలయం."

కార్యాలయ వ్యవహారాలు జరగరాదని రాసి ఉంది కదా అంది మదాం.

సాయంత్రానికి బజారు దిమ్మ చుట్టూ ఉన్న ఎర్రతాడు విప్పి తెచ్చి బంగళా గుమ్మానికి కట్టారు. బల్ల, కుర్చీలు, బీరువాలు, పత్రాలు ఎడ్లబండి మీద బయటికొచ్చాయి. సంఘానికి ఇంకా చోటు దొరకలేదు. భానోజీరావు గారింట్లో పెట్టుకుందామంటే హాల్లో గొడుగు ఉంది.

మర్నాడు నూకరత్నం తన దిమ్మ కడిగి, తట్ట దించి, గేట్లోకి వచ్చినవాళ్ళనల్లా "రండి బాబూ, పండుగప్ప తాజాగా ఉంది," అని పిలిచింది. నేను ఒకటి కొనుక్కున్నాను. మళ్ళీ తాడు కడతారేమోనని, దిమ్మ మీద కూర్చున్నంతసేపూ ఆవిడ ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. గోవిందు నీళ్ళసంచితో వస్తే ఒకసారి చూస్తుంది, అంతే. బేరాలయ్యాక తట్ట కడుక్కుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని నది ఒడ్డు బంగళాకు వెళుతుంది. తాడు దాటి లోపలికెళ్ళి, పొద్దున్నుంచీ దాచుకున్నదంతా తీరిగ్గా దులిపేసి వస్తుంది.

తర్వాత తర్వాత బజారు ఆడవాళ్ళూ వెళ్ళసాగారు. అక్కడ పలుకు తప్ప మరేదీ ఉండకూడదు కాబట్టి అడ్డేవాళ్ళు లేరు. పై అధికారితో వేగలేని గుమాస్తాలు వెళ్ళారు. కోడళ్ళు వెళ్ళారు, అత్తలు వేరే వేళల్లో వెళ్ళారు. కార్యదర్శి పోయిన పళ్ళ గురించి వెళ్ళాడు. ఇళ్ళల్లో తగవులు తగ్గాయని మా పక్కింటావిడ చెప్పింది. మా ఊళ్ళో ఒక ప్రభుత్వ భవనం జనానికి నిజంగా పనికిరావడం నేనెరిగి అదే మొదలు.

మొన్న పెన్షను పత్రాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, నేనూ అటు నడిచాను. గుమ్మం దాకా వరుస ఉంది. చివర నిలబడ్డాను. నా ముందున్నాయన మెడకు పట్టుగుడ్డ చుట్టుకుని, తల వంచుకుని, పెదవులు కదుపుతూ 'నువ్ సావా, నువ్ సావా' అని మననం చేసుకుంటున్నారు. నన్ను చూసి కాస్త సిగ్గుపడి, పక్కకు జరిగి చోటిచ్చారు.

"సరిగ్గానే పలుకుతున్నానా మేష్టారూ?" అన్నారు భానోజీరావు గారు. "ఇది తెలుగులోనే అనాలనుకుంటున్నాను."